చేట చప్పుడు ఆగినప్పుడు

నమస్కారమండి. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద నుంచి మాట్లాడుతున్నాను. ఆదివారం పొద్దున పూట ఈ రేకుల షెడ్డు కిందే పిల్లలకు నాటకం నేర్పుతుంటాను. ఒకో వారం పదిమంది వస్తారు, పరీక్షలైతే నలుగురే వస్తారు. మొన్న శనివారం చీకటి పడ్డాక ఈ గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి, వాళ్లకు ఒక సినిమా చూపించాను. అయిపోయాక అందరూ చాపలు చుట్టేస్తుంటే నాలుగో తరగతి పిల్ల ఒకతె నా దగ్గరకొచ్చి నిలబడింది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి అడిగింది. "టీచర్, ఆ అన్నాచెల్లెళ్లు పుస్తకంలో రాసుకునే దగ్గర ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు. మరి నాకెందుకంత దడ పుట్టింది?"

నాటకం గురించి, సినిమా గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదండి. ఆ రాత్రి దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. వారమంతా ఆలోచించి, తర్వాతి ఆదివారం పిల్లలతోనే ఆ సీను ఆడించి చూశాక, ఇప్పుడు చెప్పగలననిపిస్తోంది.

సినిమా పేరు చిల్డ్రన్ ఆఫ్ హెవెన్. ఇరాన్ సినిమా, 1997లో వచ్చింది. తీసినాయన మజీద్ మజీదీ. ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల పోటీలో నామినేషన్ దాకా వెళ్లిన మొదటి ఇరాన్ సినిమా ఇదే. ఆ దేశంలో పిల్లల కోసం పుస్తకాలూ సినిమాలూ తయారుచేసే కానూన్ అనే సంస్థ ఒకటుంది, 1965లో మొదలైంది. ఈ సినిమా వెనక ఉన్నది ఆ సంస్థే. సినిమా ముక్కలు ఇక్కడ పెట్టడం లేదు. పలక మీద సుద్దతో గీసి చూపిస్తాను, దానితో సరిపెట్టుకోండి.

కథ చెప్పేస్తాను, చాలా చిన్నది. అలీ అని ఒక పిల్లవాడు. చెల్లెలు జహ్రా. సినిమా మొదలవడమే చెప్పులు కుట్టేవాడి చేతుల మీద మొదలవుతుంది. చిన్న గులాబీ రంగు బూటు, బాగా అరిగిపోయింది, దాన్ని ఆయన ఓపిగ్గా కుడుతుంటాడు. పేర్లన్నీ ఆ చేతుల మీదే పడతాయి. ఆ బూట్లు చెల్లెలివి. అలీ వాటిని తీసుకుని, దారిలో రొట్టెలు కొని, బంగాళాదుంపల కోసం కూరల కొట్టు దగ్గర ఆగుతాడు. బూట్ల సంచిని బయట పెట్టెల మధ్య పెట్టి లోపలికి వెళ్తాడు. ఈలోగా చెత్త తీసుకెళ్లే అతను వచ్చి, ఆ సంచి కూడా చెత్తే అనుకుని పట్టుకుపోతాడు. అంతే. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఇంట్లో అమ్మకు ఒంట్లో బాగుండదు, అద్దె బాకీ ఉంది, కూరల కొట్లోనూ బాకీ ఉంది. కొత్త బూట్లు కొనే స్థితి లేదు. చెల్లెలికి పొద్దున్నే బడి ఉంది.

ఇప్పుడు మనకు కావాల్సిన సీను. పలక మీద గీస్తున్నాను చూడండి. ఒకే గది. ఈ మూల నాన్న. ఇటువైపు అమ్మ. మధ్యలో కింద కూర్చుని పిల్లలిద్దరూ హోంవర్కు చేసుకుంటున్నారు. నాన్న ముందు పెద్ద పెద్ద పంచదార గడ్డలున్నాయి, పటికబెల్లం గడ్డల్లాంటివి. వాటిని టీలోకి వేసుకునే ముక్కలుగా కొడుతున్నాడు. కొడుతూనే అమ్మతో ఇంటివాడి సంగతి మాట్లాడుతున్నాడు, నడుము నొప్పితో ఉండి పనులెందుకు చేస్తావని కోప్పడుతున్నాడు, మధ్యలో అలీ వైపు తిరిగి నీకు తొమ్మిదేళ్లొచ్చాయి, ఇంకా చిన్నపిల్లవాడివా, అమ్మకు సాయం చెయ్యొద్దా అని మందలిస్తున్నాడు. ఇదంతా పైన నడుస్తోంది.

కింద ఏం నడుస్తోంది? చెల్లెలు నోట్‌బుక్కులో ఏదో రాసి అన్న వైపు జరుపుతుంది. రేపు బడికి ఏం వేసుకెళ్లను అని. అన్న చదివి, రాసి, తిరిగి జరుపుతాడు. నాన్నతో చెబుతానని ఆ పిల్ల రాస్తుంది. చెబితే ఇద్దరికీ దెబ్బలు, పైగా నాన్న దగ్గర కొనడానికి డబ్బుల్లేవని వీడు రాస్తాడు. చివరికి ఒప్పందం కుదురుతుంది. నా బూట్లు నువ్వు పొద్దున వేసుకెళ్లు, నువ్వు రాగానే నేను వేసుకెళ్తాను. ఒప్పందానికి కానుకగా ఒక పొడుగాటి కొత్త పెన్సిలు చెల్లెలి చేతిలో పెడతాడు.

పెర్షియన్ మాటలకు కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. మా పిల్లల్లో సగంమంది అంత వేగంగా చదవలేరు. అందుకని మొదటి నుంచీ నేనే పక్కన నిలబడి తెలుగులో గట్టిగా చెప్పుకుంటూ వచ్చాను. ఈ సీను వచ్చేసరికి ఒకటి జరిగింది. నేను గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పమనలేదు. ఆ దుప్పటి మీద కనపడే నాన్నకు వినపడుతుందేమోనన్నట్టుగా నా గొంతు దానంతటదే దిగిపోయింది. పిల్లలు కూడా ముందుకు వంగి, చెవులు నా వైపు పెట్టి విన్నారు. ఆ క్షణాన ఆ గదిలోని రహస్యంలో మేమందరం భాగస్తులమైపోయాం.

జవాబు అక్కడే ఉంది. ఒక సీను కూర్చోవడంలో నేను అన్నిటికంటే ముందు చూసేది, ఎవరికి ఏం తెలుసు అన్నది. బూట్లు పోయాయని అలీకి తెలుసు, జహ్రాకు తెలుసు, మనకు తెలుసు. అమ్మకూ నాన్నకూ తెలియదు. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఆ తేడా ఉన్నంతసేపు మాటల్లో ఏం నడిచినా బిగువు తగ్గదు. నాన్న ఇంటి అద్దె గురించి మాట్లాడుతున్నా సరే, మనం వినేది బూట్ల గురించే. డబ్బుల్లేవన్న ఒక్కో మాటా ఆ పిల్లలిద్దరి మీద ఒక్కో బరువై పడుతుంటుంది. ఆ మాట పిల్లలకు తగులుతోందని నాన్నకు తెలియదు, అది తమకే తగులుతోందని పిల్లలకు తెలుసు.

ఇది మనకు కొత్తేం కాదండి. 1963లో వచ్చిన లవకుశ తలుచుకోండి. ఆ పిల్లలిద్దరూ రామకథ గానం చేస్తుంటారు. లీల, సుశీల గొంతులు. వింటున్న అయోధ్య కళ్లు తుడుచుకుంటుంది. పాడుతున్నది కన్నతండ్రి కథ అని పాడేవాళ్లకు తెలియదు. హాల్లో బెంచీ మీద కూర్చున్న ఐదేళ్ల పిల్లవాడికి మాత్రం తెలుసు. మా అమ్మ గుంటూరులో ఆ సినిమా చూసినప్పుడు పక్కన కూర్చున్న ముసలమ్మ "నాయనా, ఆయన మీ నాన్నే" అని తెర వైపు చూసి చెప్పుకుంటూ ఏడ్చిందట. ఆ ముసలమ్మ చేత ఆ మాట అనిపించింది పాట ఒక్కటే కాదు. పిల్లలకు తెలియనిది తనకు తెలియడం.

సరే, మళ్లీ ఆ గదిలోకి వెళదాం. అక్కడ నన్ను పట్టుకున్నది పంచదార.

ఆ పంచదార వాళ్లది కాదు, మసీదుది. అక్కడ జరిగే కార్యక్రమంలో టీ ఇవ్వడానికి ఈయనకు అప్పగించారు. జహ్రా నాన్నకు టీ తెచ్చి ఇస్తుంది. పంచదార ఏదమ్మా అంటాడు. నీ ముందే అంత ఉంది కదా నాన్నా అంటుంది ఆ పిల్ల. ఇది మసీదుదమ్మా, మనకు నమ్మి ఇచ్చింది అంటాడాయన. ఇంట్లోంచి తెచ్చుకునే వేసుకుంటాడు.

ఈ ఒక్క మాటతో దర్శకుడు ఎన్ని పనులు చేశాడో చూడండి. నాన్న ఎలాంటి మనిషో చెప్పేశాడు. ఆయన మంచివాడు అని ఇంకొకరి చేత చెప్పించలేదు. ముందున్న కుప్పలోంచి ఒక్క ముక్క ముట్టుకోలేదు, చాలు. ఆ ఇంటి లేమి ఎంతో చెప్పేశాడు. వీటన్నిటికంటే పెద్దది, అలీ ఎందుకు నోరు విప్పలేడో చెప్పేశాడు. నాన్న తాగుబోతో కిరాతకుడో అయితే పిల్లవాడు భయపడి దాచాడనుకుంటాం. ఈయన ఇంత నిక్కచ్చి మనిషి. పరుల సొమ్ము గోరంత కూడా ముట్టని మనిషి. అలాంటాయన ముందు నాకప్పగించింది నేను పోగొట్టాను అని ఎలా చెబుతాడు తొమ్మిదేళ్లవాడు? అలీకి అప్పగించింది చెల్లెలి బూట్లు. నాన్నకు అప్పగించింది మసీదు పంచదార. ఒకే గదిలో ఒకరు నిలబెట్టుకున్నారు, ఒకరు పోగొట్టుకున్నారు. ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి ఒక్క ముక్క కూడా వ్యాఖ్యానం చెయ్యలేదు. ఈ కూర్పు చూసి నేను నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాను.

పంచదార ఇంకో పని కూడా చేసింది. అది మాత్రం పిల్లలతో ఆడించేదాకా నాకు తెలియలేదు.

తర్వాతి ఆదివారం ఈ సీనునే మన ఇంటికి తెచ్చాను. చెల్లెలి కొత్త చెప్పులు అన్న దుర్గగుడికి తీసుకెళ్లాడు, మెట్ల దగ్గర విడిచాడు, తిరిగొచ్చేసరికి లేవు. రేపు చెల్లెలికి బళ్లో డ్యాన్సు. ఇంట్లో అమ్మ ఉంది. చెప్పకుండా ఇద్దరూ పుస్తకంలో రాసుకోవాలి. ఇదీ సందర్భం. ఇద్దరు పిల్లల్ని ఎంచుకున్నాను, ఏడో తరగతి అబ్బాయిని అన్నగా, మొదట చెప్పిన ఆ నాలుగో తరగతి పిల్లనే చెల్లెలిగా.

మొదటిసారి ఆడారు. ఎలా ఆడారంటే, అబ్బాయి పుస్తకంలో రాస్తూ మొహం చిట్లించి, తల పట్టుకుని, పెద్ద నిట్టూర్పు విడిచాడు. అమ్మాయి చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, ఇటు తిరిగి మమ్మల్ని చూసింది. రాసింది పైకి చదివి వినిపించింది కూడా. నేను కోప్పడలేదు. వాళ్ల తప్పేం లేదు. గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనూ, ఇక్కడ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలోనూ బాలల నాటికలు చూస్తూ పెరిగినదాన్ని నేను. అక్కడ స్టేజి మీద పిల్లవాడు ఆఖరి వరుసలో కూర్చున్నాయనకు కూడా కనపడాలి, వినపడాలి. అందుకే చెయ్యి అంత పెద్దగా తిప్పుతాడు, మాట అంత పొడుగ్గా లాగుతాడు. అది స్టేజి ధర్మం, దానికి దాని అందం ఉంది. సినిమాలో కెమెరానే వెళ్లి పిల్లవాడి ముందు కూర్చుంటుంది. జానెడు దూరంలో కూర్చున్నవాళ్లకు ఎంత చూపిస్తామో అంతే చూపించాలి. పాత్ర, సందర్భం, ఘర్షణ, వస్తువు, మాట, మౌనం, ఇవన్నీ నాటకంలోంచి సినిమాకు వెళ్లినవే. వెళ్లేటప్పుడు కొలత మారింది, అంతే.

రెండోసారికి అమ్మ పాత్ర మార్చాను. మా కింది వాటాలో ఉండే మామ్మగారిని బతిమాలాను. ఆవిడ నాటకాలేం ఆడరు. మామ్మగారూ, మీరేం చెయ్యక్కర్లేదు, మీ బియ్యం మీరు చెరుక్కోండి, పిల్లలు పక్కన కూర్చుని రాసుకుంటారు అన్నాను. ఆవిడ నిజంగానే చేటా బియ్యం తెచ్చుకుని గోడకు చేరగిలబడి కూర్చున్నారు. పిల్లలకు చెవిలో ఒక్క మాటే చెప్పాను. మీరు ఏడవద్దు, బాధపడుతున్నట్టు చూపించొద్దు. మామ్మగారికి తెలియకూడదు, అదొక్కటే మీ పని.

చేట మొదలైంది. జల్లు జల్లుమని బియ్యం ఎగరడం, మళ్లీ చేటలో పడడం. తౌడు గాలికి లేచిపోతోంది. పిల్లలు రాసుకుంటున్నారు. నాలుగైదు సార్లు పుస్తకం అటూ ఇటూ జరిగింది. అంతలో మామ్మగారికి మెరిక ఏదో కనపడినట్టుంది, చేట ఆపి ఏరడానికి వంగారు.

చప్పుడు ఆగింది.

పిల్లలిద్దరి పెన్సిళ్లూ అదే క్షణాన ఆగిపోయాయి. నేను చెప్పలేదు. అమ్మాయి మోచెయ్యి తనంతట తానే జరిగి పుస్తకం మీదకొచ్చింది, రాసిన వైపు కప్పేసింది. తల ఎత్తలేదు. అబ్బాయి పక్కనున్న లెక్కల పుస్తకంలో పేజీ తిప్పాడు, ఊరికే. మామ్మగారు మెరిక తీసి పారేసి, మళ్లీ చేట ఎగరేశారు. పెన్సిళ్లు మళ్లీ కదిలాయి. చుట్టూ కూర్చున్న తొమ్మిది మంది పిల్లలూ ఒక్కసారిగా ఊపిరి వదిలారండి. నాకు వినపడింది.

అప్పుడర్థమైంది నాకు, ఆ పంచదార కొట్టే చప్పుడు ఏం చేస్తోందో. పెద్దవాళ్ల చేతిలో పని ఉన్నంతసేపూ పిల్లలకు రక్షణ. ఆ చప్పుడే వాళ్లకు తెర. చప్పుడు ఆగిందంటే పెద్దవాళ్ల చూపు లేస్తుందని అర్థం. ఒక్క మాట లేకుండా, వెనక సంగీతం లేకుండా, ఒక మామూలు ఇంటిపని చప్పుడుతో ప్రమాదం ఎంత దూరంలో ఉందో ఎప్పటికప్పుడు తెలుస్తుంటుంది. మా పిల్లకు దడ పుట్టించింది అదే. ఆ పిల్లకూ వాళ్లింట్లో ఇది తెలుసు. మిక్సీ తిరుగుతున్నప్పుడే ఫ్రిజ్ తలుపు తీసే పిల్లలున్నారు కదా మనందరి ఇళ్లల్లో.

ఇదంతా అయ్యాక మామ్మగారు చేట పక్కన పెట్టి, "ఏవిట్రా మీరిద్దరూ ఇందాకట్నుంచీ రాసుకుంటున్నారు, ఏదీ ఇలా తే" అన్నారు. ఆవిడకు నాటకం అయిపోలేదు. పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఏ దర్శకుడూ నేర్పలేడు.

మన భరతుడు నాట్యశాస్త్రంలో రసం పుట్టడానికి విభావం, అనుభావం, వ్యభిచారి భావాలు కలవాలన్నాడు. విభావం అంటే భావానికి కారణమయ్యేది, అనుభావం అంటే అది బయటపడిన గుర్తు, వ్యభిచారి భావాలంటే మధ్యలో వచ్చి పోయేవి. డిగ్రీలో తెలుగు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఉద్దీపన విభావం అంటే వెన్నెల, మలయమారుతం, కోకిల అని రాశాను. ఉన్న భావాన్ని రెచ్చగొట్టేది ఉద్దీపనం. అలాగైతే పంచదార చప్పుడు ఉద్దీపనం కాదా? చేట ఉద్దీపనం కాదా? అమ్మాయి మోచెయ్యి అనుభావం, లోపలి భావం బయటపడిన గుర్తు. శంక, చింత, దైన్యం, ఈ మూడూ ఆయన చెప్పిన ముప్పై మూడు వ్యభిచారి భావాల్లో ఉన్నాయి, మూడూ ఆ సీనులో వచ్చి పోతుంటాయి. శోకాన్ని మాత్రం పిల్లలు పైకి రానివ్వరు. అది మన దగ్గర పుడుతుంది. చూసేవాడి దగ్గర పుట్టేదే రసం అని మాస్టారు అప్పట్లో చెప్పిన మాట, ఇన్నేళ్ల తర్వాత మా మేడ మీద కళ్లారా చూశాను.

ఇక ఆ పెన్సిలు. నాటకంలో వస్తువంటే అలంకారం కాదు, అది చేతులు మారాలి, మారినప్పుడు మనుషుల మధ్య ఏదో మారాలి. మన వైపు ఊళ్లల్లో హరిశ్చంద్ర కాటి సీను తెల్లవారుజామున మొదలైనా పిల్లలు కూడా నిద్రాపుకుని కూర్చునేవాళ్లు. అక్కడ కథంతా తిరిగేది చంద్రమతి మెడలోని మంగళసూత్రం మీద. అది భర్తకు తప్ప ఎవరికీ కనపడదు. కాటికాపరి అది చూసి అడగ్గానే ఎదురుగా ఉన్నది ఎవరో ఆమెకు తెలిసిపోతుంది. అలీ ఇచ్చిన పెన్సిలుకు అంత చరిత్ర లేదు, కానీ చేసే పని అలాంటిదే. అప్పటిదాకా చెల్లెలు ఫిర్యాదు చేసే మనిషి. పెన్సిలు తీసుకున్నాక రహస్యంలో భాగస్తురాలు. మా మేడ మీద ఆడినప్పుడు అబ్బాయి జేబులో పెన్సిలు లేదు. వాడు వెతుక్కుని, రబ్బరు సగానికి తుంచి ఇచ్చాడు. ఆ పిల్ల తీసుకోలేదు. రెండో సగం కూడా ఇచ్చాడు. అప్పుడు తీసుకుంది. సినిమాలో లేనిది అది, నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఈ సీనులో వేసిన ముడి తర్వాత సినిమా అంతటినీ లాగుతుంది. జహ్రాకు పొద్దున బడి, అలీకి మధ్యాహ్నం. ఒకే జత. ఆమె పరుగెత్తుకుని రావాలి, సందులో మార్చుకోవాలి, వీడు పరుగెత్తాలి. ఇక గడియారమే ప్రతినాయకుడు. ఒకసారి ఆమె పరుగెడుతుంటే పెద్ద బూటు కాలి నుంచి జారి కాలువలో పడి కొట్టుకుపోతుంది. మా పిల్లల్లో ముగ్గురివి రైవస్ కాలువ పక్క ఇళ్లు. బంతో చెప్పో నీళ్లల్లో పడితే గట్టున దాని వెంట పరుగెత్తడం వాళ్లకు తెలిసిన పనే. ఆ సీనుకు ముగ్గురూ లేచి నిలబడిపోయారు, దుప్పటి మీద వాళ్ల నీడలు పడి వెనకవాళ్లు కేకలేసినా కూర్చోలేదు.

పిల్లల కోసం లఘుచిత్రాలు తీస్తున్న కుర్రాళ్లు మన విజయవాడలో, గుంటూరులో, తెనాలిలో చాలామంది ఉన్నారు. కొందరు నాకు చూపిస్తుంటారు కూడా. వాళ్లను ప్రేమతోనే ఒకటి అడుగుతాను. పిల్లవాడి చేత పెద్దవాళ్ల డైలాగులు ఎందుకు చెప్పిస్తారు? ఎనిమిదేళ్ల పిల్ల కెమెరాలోకి చూసి డబ్బు కంటే ప్రేమ గొప్పది నాన్నా అంటే అది ఆ పిల్ల మాటా? ఆ వయసుకు ఆ పిల్ల బెంగ రబ్బరు పోవడం, పక్క బెంచీ స్నేహితురాలు మాట్లాడకపోవడం, వాటర్ బాటిల్ మూత దొరక్కపోవడం. ఆ బెంగను దాని అసలు కొలతలో తీసుకోండి. పెద్దది చెయ్యకండి, చిన్నదీ చెయ్యకండి. అలీ పోగొట్టింది ఒక జత పాత బూట్లు. గంటన్నర సినిమా దాని మీదే నిలబడింది.

ఏడుపు గురించి కూడా. అలీ సినిమాలో చాలాచోట్ల కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఏడుపు వద్దని కాదు. ఆపుకోవడానికి వాడు ప్రయత్నిస్తుంటాడు, అది చూపిస్తారు. ఆపుకునే ప్రయత్నం పాత్రకు ఒక పని అవుతుంది. ఏడవడమొక్కటే ఉంటే దానికి ఎదురు నిలిచేదేమీ ఉండదు, ఘర్షణ ఉండదు.

అలాగని పిల్లల సినిమా అంటే మౌనమే, గుసగుసే అనడం లేదు. 1967 నాటి భక్త ప్రహ్లాద చూపించినప్పుడు ఇదే పిల్లలు రెప్ప వెయ్యలేదు. అందులో అంతా గర్జనే. హిరణ్యకశిపుడుగా ఎస్వీ రంగారావు గారు, ఆయన ముందు ప్రహ్లాదుడుగా మోకాలెత్తు రోజారమణి. ఆ కంఠం ఎదుట ఆ పిల్ల నిలకడగా, తొణక్కుండా, ఉన్నాడు తండ్రీ అన్నట్టు జవాబు చెబుతుంటే బిగువు పెరుగుతుందే గానీ తగ్గదు. ఇందుగలడందులేడని అన్న పోతన పద్యం మన పిల్లలకు బళ్లోనే వస్తుంది. స్తంభంలోంచి ఏం రాబోతోందో హాల్లో అందరికీ తెలుసు, తండ్రికొక్కడికే తెలియదు. అక్కడా అదే లెక్క. పెద్ద గొంతూ చిన్న గొంతూ ఎదురెదురుగా నిలబడ్డాయి, పెద్ద గొంతు ఓడిపోతుందని చిన్న గొంతుకు తెలుసు. ప్రహ్లాదుడు కూడా అరిచి ఉంటే ఆ సీను చచ్చిపోయేది.

చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ ఆఖరు ఒక్కటి చెప్పి ఆపుతాను, చూడనివాళ్లు మన్నించాలి. పరుగుపందెంలో మూడో బహుమతిగా బూట్లిస్తారు. చెల్లెలి కోసం అలీ మూడోవాడుగా రావాలని పరుగెడతాడు. మొదటివాడుగా వచ్చేస్తాడు. ఇంటికొస్తాడు, బొబ్బలెక్కిన కాళ్లను ఇంటి ముంగిట నీళ్ల తొట్టెలో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంటాడు. ఎర్రచేపలు వాడి కాళ్ల చుట్టూ చేరతాయి. అంతకు కాస్త ముందే మనకొకటి చూపించారు. నాన్న సైకిలు, దాని మీద కొన్న సరుకులు, వాటిల్లో రెండు జతల కొత్త బూట్లు. నాన్న ఇంకా ఇంటికి రాలేదు. వాడికి తెలియదు.

అక్కడ సినిమా అయిపోయింది. దుప్పటి తెల్లగా అయిపోయింది. మా నాలుగో తరగతి పిల్ల మాత్రం ఇంకా దాని వైపే చూస్తూ, మెల్లిగా, మళ్లీ ఎవరికో వినపడకూడదన్నట్టు గుసగుసగా అంది.

"ఒరేయ్ అలీ, మీ నాన్న తెస్తున్నాడురా."